సైన్యమా, ఆప్టోమెట్రీనా: కొలువును వాయిదా వేసి కంటి చదువు చదవాలనుకునే సీమ విద్యార్థులకు

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ముగిసేసరికి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఇళ్లలో రెండు దరఖాస్తులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి సైన్యంలో నాలుగేళ్ల అగ్నివీర్ నియామకానిది, రెండోది ఏదో ఒక వైద్య అనుబంధ కోర్సుది. బైపీసీ చదివి, తెల్లవారుజామున అనంతపురం పీటీసీ మైదానంలోనో కడప డీఎస్ఏ మైదానంలోనో పరుగు సాధన చేసే పిల్లలు కంటి చూపును పరీక్షించే ఆప్టోమెట్రీ చదువులో సీటు వస్తుందని తెలియగానే అడిగే ప్రశ్న ఒకటే: సైన్యంలో చేరడాన్ని నాలుగేళ్లు వాయిదా వేయించుకోవచ్చా?

మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. అందువల్ల సింగపూర్‌లో ఉన్నట్టు చదువు కోసం సేవను వాయిదా వేయమని కోరే దరఖాస్తు ఫారం కూడా మనకు లేదు. ఎంపికైన తర్వాత నా స్థానాన్ని నాలుగేళ్లు అట్టిపెట్టండని అడిగితే ఆలకించే ఏర్పాటు లేదు. ఆ నియామకం ఆ ఏడాదితో ముగుస్తుంది. కాబట్టి వాయిదా అనేది అధికారి మంజూరు చేసేది కాదు, దరఖాస్తు చేయకముందే వయసు లెక్క వేసుకుని మీరే ఏర్పాటు చేసుకోవలసినది. ఏ ద్వారం ఏ వయసుకు మూసుకుంటుంది, ఏది డిగ్రీ పూర్తయ్యేదాకా తెరిచి ఉంటుంది అన్నది తెలిస్తే సగం సందేహం తీరిపోతుంది.

వయసు లెక్క

అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల వయోపరిమితి పెట్టారు; ఆ ఒక్క ఏడాదికి మాత్రం గరిష్ఠ పరిమితిని 23కు సడలించారు. ప్రతి నియామక ప్రకటనలోనూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య పుట్టినవారు అని స్పష్టంగా రాస్తారు. పక్కింటివాళ్ల మాటను గానీ కోచింగ్ సెంటర్ బోర్డును గానీ నమ్ముకోకుండా, పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన తేదీని ఆ రెండు తేదీలతో పోల్చి చూసుకోవాలి.

ఉదాహరణకు 2008 జూన్‌లో పుట్టి, 2026లో ఇంటర్ ముగించిన ఒక అబ్బాయిని తీసుకుందాం. నాలుగేళ్ల ఆప్టోమెట్రీ డిగ్రీలో 2026లో చేరితే అది 2030 మధ్యలో పూర్తవుతుంది. అతనికి 21 ఏళ్లు 2029 జూన్‌లోనే నిండుతాయి. అంటే డిగ్రీ చేతికొచ్చేలోపే అగ్నివీర్ ద్వారం మూసుకుంటుంది. పరిమితి ఒక ఏడాది పెరిగినా ఈ లెక్కలో పెద్ద మార్పు రాదు. డిగ్రీ చదివి వచ్చాక అగ్నివీర్‌గా చేరతాననే ఆలోచన, సరైన వయసులో ఇంటర్ ముగించిన విద్యార్థికి సైతం, ఆచరణలో కుదరదు. ఈ ఒక్క విషయం తెలియక రెండింటినీ పోగొట్టుకునేవారు ఉంటారు కనుకనే దీన్ని ముందు చెప్పవలసి వచ్చింది.

అయితే అదే అబ్బాయికి అధికారి హోదాకు వెళ్లే ద్వారాలు తెరిచే ఉంటాయి. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ద్వారా డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి 19 నుంచి 24 ఏళ్ల మధ్య, ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)కి 19 నుంచి 25 ఏళ్ల మధ్య వెళ్లవచ్చు. ఇక్కడ వయసును పరీక్ష రాసే తేదీకి కాక, శిక్షణ మొదలయ్యే తేదీకి లెక్కిస్తారు. రాత పరీక్షకూ శిక్షణకూ మధ్య తొమ్మిది పది నెలలు గడుస్తాయి. కాబట్టి మన ఉదాహరణలోని అబ్బాయికి మిలిటరీ అకాడమీ జనవరి 2031, జూలై 2031, జనవరి 2032 శిక్షణలు మూడే అందుతాయి. జూలై 2032 నాటికి అతనికి 24 నిండిపోయి ఉంటాయి. ఓటీఏకు మరో ఏడాది వెసులుబాటు ఉంటుంది. మధ్యలో ఒక సంవత్సరం నీట్ కోసమని ఆగితే ఈ మూడు అవకాశాల్లో రెండు తగ్గిపోతాయి. ఇంట్లో క్యాలెండర్ పక్కన ఒక కాగితం మీద ఈ లెక్కను మీ పుట్టిన తేదీతో రాసి పెట్టుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఆప్టోమెట్రీ చదువు స్వరూపం

ఆప్టోమెట్రిస్టు అంటే కంటి డాక్టరు కాదు, కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు చూపించేవారూ కాదు. దృష్టిని కొలిచి అద్దాలు నిర్ణయించడం, కాంటాక్ట్ లెన్సులు అమర్చడం, గ్లకోమా, మధుమేహం వల్ల వచ్చే రెటీనా జబ్బు వంటివాటిని తొలిదశలో గుర్తించి వైద్యుడి దగ్గరికి పంపడం ఆయన పని. మన జిల్లాల్లో ఈ పనికి ఎంత అవసరముందో కంటి కాంపుల దగ్గర వరుసలో నిలబడిన ముసలివాళ్లను చూస్తే అర్థమవుతుంది. 2019 అక్టోబరు 10న రాష్ట్ర ప్రభుత్వం కంటి వెలుగు కార్యక్రమాన్ని అనంతపురంలోనే ప్రారంభించింది.

కోర్సు బీఎస్సీ ఆప్టోమెట్రీ, బ్యాచిలర్ ఆఫ్ ఆప్టోమెట్రీ అనే పేర్లతో నడుస్తోంది. ఇంతకాలం ప్రధానంగా ఉన్న పద్ధతి మూడేళ్ల తరగతులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి ఈ వృత్తి కూడా వచ్చింది కనుక, చేరేముందు కోర్సు కాలం ఎంత, ఇంటర్న్‌షిప్ అందులో కలిసి ఉందా, దానికి అదనమా అన్నది కళాశాల ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి. సైన్యం ఆలోచన ఉన్నవారికి ఒక్క ఏడాది తేడా చాలా పెద్దది. మనకు దగ్గరలోని పేరున్న చోట్లలో చెన్నైలో శంకర నేత్రాలయకు అనుబంధంగా 1985లో మొదలైన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ, హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నడిపే కోర్సు ఉన్నాయి. దరఖాస్తు చేసే ముందు ఎవరినైనా ఒక రోజు పని చేస్తుండగా చూడటం మంచిది. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఓపీలో ఒక పూట గడిపితే, చీకటి గదిలో రోజంతా అద్దాలు మార్చి మార్చి అడగడం మీకు సరిపడే పనో కాదో తెలిసిపోతుంది.

ఇది రోగుల మధ్య నేర్చుకోవలసిన విద్య. సైన్యంలో ఉంటూ దూరవిద్యలో ఆప్టోమెట్రీ డిగ్రీ పూర్తి చేయవచ్చని ఎవరైనా ఆశపెడితే వారికి డబ్బు కట్టవద్దు.

ముందు డిగ్రీ, తర్వాత అధికారి కొలువు

నా అభిప్రాయంలో, మార్కులు బాగా ఉండి ఇల్లు నాలుగేళ్లు ఓపిక పట్టగలిగితే, ఇదే మేలైన దారి. కానీ ఇందులో బైపీసీ విద్యార్థులు తెలుసుకోవలసిన పరిమితులున్నాయి. సీడీఎస్ ద్వారా వెళ్లేవాటిలో నౌకాదళ అకాడమీకి ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. వైమానిక అకాడమీకి ఇంటర్ స్థాయిలో భౌతికశాస్త్రం, గణితం ఉండాలి. ఆప్టోమెట్రీ చదివిన బైపీసీ విద్యార్థికి మిగిలేవి మిలిటరీ అకాడమీ, ఓటీఏ. వైమానిక దళంలో విమానం నడపని శాఖలకు ఏఎఫ్‌క్యాట్ (AFCAT) పరీక్ష ఉంది. అందులో గ్రౌండ్ డ్యూటీ సాంకేతికేతర శాఖలకు 20 నుంచి 26 ఏళ్ల వయోపరిమితి కనుక మరికొంత గడువు దొరుకుతుంది, అయితే డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. ఆడపిల్లలు సీడీఎస్ ద్వారా ఓటీఏకూ, ఏఎఫ్‌క్యాట్ ద్వారా వైమానిక దళానికీ వెళ్లవచ్చు.

రెండో పరిమితి ఇంటర్న్‌షిప్. చివరి ఏడాది చదువుతున్నవారు కూడా సీడీఎస్ రాయవచ్చు గానీ, శిక్షణలో చేరేలోపు నిర్ణీత తేదీకి డిగ్రీ పూర్తయినట్టు రుజువు చూపాలి. తరగతులు ముగిసినా ఇంటర్న్‌షిప్ ముగియనిదే ఆప్టోమెట్రీలో పట్టా రాదు. మూడో ఏడాది ఫలితాలు చూసి డిగ్రీ అయిపోయినట్టే అనుకుని దరఖాస్తు చేస్తే, ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ గట్టెక్కి, వైద్య పరీక్ష కూడా దాటిన తర్వాత, కాగితం లేక ఆగిపోవలసి వస్తుంది. ఇంటర్న్‌షిప్ ముగిసే నెల ఏదో కళాశాలను అడిగి తెలుసుకుని, ఆ తర్వాత మొదలయ్యే శిక్షణకు సరిపడే పరీక్షకే దరఖాస్తు చేయాలి.

ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీకి పిలిచే ప్రత్యేక ప్రవేశం ఉంది. దురదృష్టవశాత్తూ కంటి ఆసుపత్రులకు అనుబంధంగా నడిచే చిన్న కళాశాలల్లో ఎన్‌సీసీ ఉండటం అరుదు. రెండు కళాశాలల్లో సీట్లు వచ్చి ఎటూ తేల్చుకోలేకపోతున్నవారు ఈ విషయాన్ని కూడా తూకంలో వేసుకోవచ్చు.

మరో మాట కూడా దాచకుండా చెప్పాలి. అమెరికా సైన్యంలో ఆప్టోమెట్రిస్టును ఆ వృత్తి మీదే అధికారిగా తీసుకుంటారు. మన ఆర్మీ మెడికల్ కోర్‌లో నేరుగా అధికారులయ్యేది ఎంబీబీఎస్ వైద్యులే. ఆప్టోమెట్రీ పట్టాతో సీడీఎస్ ద్వారా వెళ్లే యువకుడు పదాతి దళానికో ఫిరంగి దళానికో వెళ్తాడు తప్ప కంటి గదిలో కూర్చోడు. చదువునూ యూనిఫామునూ కలిపి ఊహించుకునేవారు ఈ వాస్తవాన్ని ముందే జీర్ణించుకోవాలి. రెండూ కావాలనేవారికి ప్రాదేశిక సైన్యం (టెరిటోరియల్ ఆర్మీ) ఒక దారి: 18 నుంచి 42 ఏళ్ల మధ్య వయసుండి, డిగ్రీ ఉండి, ఉద్యోగమో సొంత ఉపాధో ఉన్నవారు తమ వృత్తి వదలకుండానే అందులో అధికారులుగా ఏటా కొంతకాలం సేవ చేయవచ్చు. కర్నూలులో సొంత ఆప్టికల్స్ పెట్టుకున్న ఆప్టోమెట్రిస్టుకు ముప్పై ఐదేళ్ల వయసులోనూ ఈ అవకాశం ఉంటుంది. ఎంపిక కఠినమే.

ముందు కొలువు, తర్వాత చదువు

ఇంటి పరిస్థితి నాలుగేళ్ల ఫీజుకు ఒప్పుకోనప్పుడు వాయిదా వేయవలసింది చదువునే. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు. అందులో 21,000 చేతికి వస్తాయి, 9,000 సేవానిధికి జమవుతాయి, ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. నాలుగో ఏడాదికి జీతం 40,000 అవుతుంది. నాలుగేళ్లు ముగిసి బయటికి వచ్చేవారికి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు, ఆదాయపు పన్ను లేకుండా వస్తాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. పద్దెనిమిదో ఏట చేరినవాడు ఇరవై రెండో ఏట ఆ డబ్బుతో ఆప్టోమెట్రీలో చేరి ఇరవై ఆరుకు ముగించవచ్చు. వృత్తి మొదలుపెట్టడానికి అది ఆలస్యమేమీ కాదు. 25 శాతం మంది వరకు సైన్యంలోనే కొనసాగే అవకాశం ఉంది కనుక, అప్పటికి మనసు మారినా నష్టం లేదు.

ఈ దారిలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, జనరల్ డ్యూటీకి పదో తరగతి చాలు కదా అని ఇంటర్ మధ్యలో వదిలి వెళ్లకూడదు. సర్వీసులో ఉండగా పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్ పొందే ఏర్పాటు ఉన్నా, ఆప్టోమెట్రీకి కావలసినది భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ప్రయోగశాలతో సహా చదివిన ఇంటర్. బైపీసీ పూర్తి చేసి, మెమో ఇంట్లో భద్రపరచి వెళ్లాలి. రెండోది, సొంత కోరిక మీద నాలుగేళ్ల మధ్యలో బయటికి రావడానికి అగ్నివీరులకు వీల్లేదు. అసాధారణ పరిస్థితుల్లో అధికారం ఉన్న పై అధికారి అనుమతిస్తేనే అది సాధ్యం. సీటు వచ్చిందన్నది అసాధారణ పరిస్థితి కాదు. అలాగే సర్వీసు కాలమంతా అవివాహితులుగా ఉండాలన్న షరతును, ఇరవై నిండగానే సంబంధాలు చూసే మన వైపు పెద్దలకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

కంటి రంగమూ సైన్యమూ రెండూ త్వరగా కావాలనుకునేవారికి మధ్యేమార్గంగా రెండేళ్ల ఆప్తాల్మిక్ అసిస్టెంట్ (కంటి వైద్య సహాయకుడు) డిప్లొమా ఉంది. మన ఉదాహరణలోని అబ్బాయి 2028కి దాన్ని ముగించగలడు. 21 ఏళ్ల పరిమితి ప్రకారం అతనికి ఆ ఏడాది నియామకం ఒక్కటే మిగులుతుంది, అదీ డిప్లొమా చివరి నెలల్లోనే దరఖాస్తు చేస్తే. తర్వాత డిగ్రీ రెండో ఏడాదిలోకి లేటరల్ ఎంట్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి.

రెండు పిలుపులూ ఒకేసారి వచ్చినప్పుడు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల అభ్యర్థులకు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం నియామకాలు చూస్తుంది. ఆన్‌లైన్ రాత పరీక్ష, ఆ తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగుతో మొదలయ్యే ర్యాలీ, వైద్య పరీక్ష, తుది జాబితా అనే క్రమంలో నెలలు గడుస్తాయి. ఈలోపు కళాశాల ప్రవేశాలు ముగుస్తాయి. కాబట్టి చాలామంది ముందు కళాశాలలో చేరి, ర్యాలీ ఫలితం కోసం ఎదురుచూస్తారు. ఇందులో తప్పేమీ లేదు, అయితే మూడు గడపలు గుర్తుంచుకోవాలి.

దరఖాస్తు చేసి రాత పరీక్షకో ర్యాలీకో వెళ్లకపోతే పోయేది ఆ ఏడాది అవకాశమే. తుది జాబితాలో పేరు వచ్చాక చదువే ఎంచుకుంటే, చేరబోనని రిక్రూటింగ్ కార్యాలయానికి రాతపూర్వకంగా, వీలైనంత త్వరగా తెలియజేసి, ఆ లేఖ నకలు దగ్గర ఉంచుకోవాలి. జాబితాలో మీ వెనక ఉన్నవాడు మీలాగే పరుగెత్తి వచ్చినవాడే. ఎన్‌రోల్‌మెంట్ పత్రం మీద సంతకం చేసిన తర్వాత సంగతి వేరు. అక్కడి నుంచి 1950 ఆర్మీ చట్టం వర్తిస్తుంది. కళాశాల తెరిచారని చెప్పకుండా ఇంటికి వచ్చేస్తే ఆ చట్టం కింద అది నేరం. సంతకానికి ముందు రాత్రి వరకు ఎన్నిసార్లు మనసు మార్చుకున్నా ఫరవాలేదు.

అసలు చిక్కు సర్టిఫికెట్ల దగ్గర వస్తుంది. రిక్రూటింగ్ కార్యాలయం ఒరిజినల్ మెమోలు అడుగుతుంది, అవి కళాశాల బీరువాలో ఉంటాయి. ప్రవేశ సమయంలో పరిశీలించి ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలే తప్ప కళాశాలలు వాటిని అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ ప్రకటన ఇచ్చింది. ఫీజు వాపసుకు అదే ప్రకటనలో లెక్క ఉంది: ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందు మానుకుంటే స్వల్ప కోతతో మొత్తం, చివరి తేదీకి 15 రోజుల్లోపు అయితే 90 శాతం, తేదీ దాటాక 15 రోజుల దాకా 80 శాతం, ఆ తర్వాత నెల నిండేదాకా 50 శాతం, నెల దాటితే ఏమీ రాదు. చేరే రోజునే ఈ ప్రకటన ప్రతి చేతిలో పట్టుకెళ్లి, మెమోలు ఇచ్చిన ప్రతిసారీ రశీదు అడగండి. కుల, నివాస ధ్రువపత్రాలను గ్రామ సచివాలయంలో ముందే తీయించి ఉంచితే, ర్యాలీ తేదీ వచ్చాక పరుగులు తప్పుతాయి.

ఇదంతా మొదలుపెట్టే ముందు మీ కళ్లు మీరు పరీక్ష చేయించుకోండి. దూరపు చూపు, రంగుల గుర్తింపు రెండూ సైన్యం పరీక్షిస్తుంది. రంగుల లోపం ఉన్న సంగతి చాలామందికి ర్యాలీ వైద్య పరీక్షలోనే మొదటిసారి తెలుస్తుంది. అద్దాలు తీసేయడానికి లేసర్ చికిత్స చేయించుకోవాలనుకుంటే తొందరపడకూడదు: అధికారి నియామకాల్లో ఇరవై ఏళ్లు నిండకముందు చేయించుకున్నదాన్ని ఒప్పుకోరు, చేయించుకున్నాక కూడా తగినంత వ్యవధి గడవాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లల విషయం

అమెరికాలో స్థిరపడిన కడప, అనంతపురం కుటుంబాల పిల్లలకు వాయిదా అనే మాట నిజంగానే వర్తిస్తుంది. కళాశాలలో చదువుతోపాటే ఆర్ఓటీసీ అనే సైనిక అధికారి శిక్షణ పొంది అధికారిగా నియమితులయ్యేవారు, నాలుగేళ్ల ఆప్టోమెట్రీ డాక్టర్ పట్టా కోసం క్రియాశీల సేవను వెనక్కి జరపమని విద్యా వాయిదాకు దరఖాస్తు చేయవచ్చు. అది హక్కు కాదు. సైన్యం అవసరాలను బట్టి మంజూరు చేస్తారు. దానికి తోడు సైన్యం ఇచ్చే ఆరోగ్య వృత్తుల స్కాలర్‌షిప్ కూడా తీసుకుంటే ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, నెలవారీ భత్యం వస్తాయి. ప్రతిగా స్కాలర్‌షిప్ తీసుకున్న ఒక్కో ఏడాదికి ఒక్కో ఏడాది సేవ పడుతుంది, అది ఆర్ఓటీసీ బాకీకి అదనం. దీనికి అమెరికా పౌరసత్వం ఉండాలి. అక్కడ 1973 తర్వాత నిర్బంధ నియామకం లేకపోయినా, గ్రీన్‌కార్డు ఉన్న అబ్బాయిలు సైతం పద్దెనిమిది నిండిన 30 రోజుల్లో సెలెక్టివ్ సర్వీసులో (అవసరమైతే నిర్బంధ నియామకానికి పిలిచే జాబితాలో) పేరు నమోదు చేయించాలి; అది సైన్యంలో చేరడం కాదని నానమ్మలకు చెప్పి స్థిమితపరచండి.

సింగపూర్‌లో తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాసం పొందిన కొడుకులకు రెండేళ్ల జాతీయ సేవ తప్పనిసరి. పాలిటెక్నిక్ డిప్లొమా స్థాయి వరకు పూర్తికాల చదువుకు సాధారణంగా వాయిదా ఇస్తారు, విశ్వవిద్యాలయ చదువుకు ఇవ్వరు. సింగపూర్ పాలిటెక్నిక్‌లోనూ, నీ ఆన్ పాలిటెక్నిక్‌లోనూ ఆప్టోమెట్రీ డిప్లొమా ఉంది కనుక, ఆ చదువు కోరుకునే అబ్బాయి అక్కడే డిప్లొమా ముగించి, సేవ పూర్తి చేసి, ఆ తర్వాతే డిగ్రీకి హైదరాబాదుకో చెన్నైకో రావడం సరైన వరుస. పదిహేడేళ్లకే ఇండియాలో డిగ్రీలో చేర్పించి ఆనక అనుమతి అడిగితే దొరకదు. సీటుకు డబ్బు కట్టేముందే అక్కడ జాతీయ సేవ వ్యవహారాలు చూసే సెంట్రల్ మ్యాన్‌పవర్ బేస్‌ను సంప్రదించాలి.